హైదరాబాద్‌లో రైలెక్కాలంటే ముందు స్టేషన్ పేరు చూసుకోండి

మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాడు. పోయిన ఏడాది వాడికి చెన్నై టికెట్ నేనే బుక్ చేసి వాట్సాప్‌లో పంపాను. బండి టైమ్ చెప్పాను, కోచ్ నంబర్ చెప్పాను, స్టేషన్ పేరు మాత్రం చెప్పలేదు. వాడు అలవాటు ప్రకారం సికింద్రాబాద్ వెళ్లి బోర్డు మీద బండి పేరు కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు. టికెట్ మీద ఉన్నది చర్లపల్లి. అక్కడికి ఇంకా పది కిలోమీటర్ల పైనే, అదీ సాయంత్రం ట్రాఫిక్‌లో. బండి పోయింది, డబ్బులు పోయాయి, మర్నాడు పొద్దున వాడికి ఇంటర్వ్యూ ఉంది, రాత్రికి రాత్రి బస్సు పట్టుకుని పరుగెత్తాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు రైలెక్కుతున్నా నేను మొదట అడిగేది టైమ్ కాదు, ఏ స్టేషన్ అని. ఇక్కడ రాసేదంతా మా వాళ్లకు ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పేదే. నగరానికి కొత్తగా వచ్చినవాళ్లకూ, ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవాళ్లకూ పనికొస్తుంది.

ముందు టికెట్ తెరవండి. పైన బండి నంబర్ కింద ఎక్కే స్టేషన్ పేరు, దాని పక్కన ఇంగ్లీషులో రెండు మూడు అక్షరాల కోడ్ ఉంటుంది. పేరు కంటే కోడ్‌నే నమ్మండి. ఎస్‌సీ అంటే సికింద్రాబాద్. హెచ్‌వైబీ అంటే హైదరాబాద్ దక్కన్, అంటే మనం నోటితో నాంపల్లి అనేదే. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టికెట్‌లో హైదరాబాద్ అని చూసి, హైదరాబాద్ పెద్ద స్టేషన్ అంటే సికింద్రాబాదే కదా అనుకుని అక్కడికి పోతారు. కేసీజీ కాచిగూడ, ఎల్‌పీఐ లింగంపల్లి, సీహెచ్‌జెడ్ చర్లపల్లి, బీఎంటీ బేగంపేట, ఎంజేఎఫ్ మల్కాజిగిరి. ఈ ఏడూ గుర్తుంటే చాలు.

ఒక ఊరికి ఇన్ని స్టేషన్లెందుకని మా నాన్న ఎప్పుడూ విసుక్కునేవారు. అవి ఒక్కసారిగా కట్టినవి కావు. నిజాం కాలంలో కర్ణాటక వైపున్న వాడి జంక్షన్ నుంచి లైను వేసినప్పుడు, 1874లో, సికింద్రాబాద్ వచ్చింది. నాంపల్లి 1907లో, కాచిగూడ 1916లో కట్టారు. కాచిగూడ చాలాకాలం మీటర్‌గేజ్ బళ్ల స్టేషన్, అందుకే ఇప్పటికీ మహబూబ్‌నగర్, కర్నూలు వైపు పోయే బళ్లు ఎక్కువగా అక్కడి నుంచి కనిపిస్తాయి. చర్లపల్లి పాత స్టేషనే గానీ పెద్ద టెర్మినల్‌గా మార్చి 2025 జనవరి 6న ప్రారంభించారు. సికింద్రాబాద్‌లో పాత భవనం తీసేసి కొత్తది కడుతున్నారు కాబట్టి, అక్కడి భారం తగ్గించడానికి కొన్ని బళ్లను చర్లపల్లికీ మిగతా స్టేషన్లకూ మార్చారు. కాబట్టి మీ చిన్నప్పటి నుంచి ఫలానా బండి ఫలానా చోట ఎక్కుతున్నాం అన్న జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. చెన్నై బండి నాంపల్లిలో ఎక్కేవాళ్లం కదా అనుకునేవాళ్లు ఒకసారి టికెట్ మళ్లీ చూసుకోండి, ఆ పేరున్న బండి ఇప్పుడు చర్లపల్లి నుంచి బయల్దేరుతోంది.

ఇక మీ ఊరు ఏ దిక్కున ఉందో చూసుకోండి. దిక్కు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది, ఎందుకంటే ఇక్కడి నుంచి లైన్లు చేతివేళ్లలా విడిపోతాయి. తూర్పున చర్లపల్లి, ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ మీదుగా కాజీపేట. అక్కడి నుంచి ఒక దారి వరంగల్, ఖమ్మం, విజయవాడకు, ఇంకొకటి రామగుండం, కాగజ్‌నగర్ మీదుగా ఢిల్లీ వైపుకు. ఈ తేడా తెలియక వరంగల్ వాళ్లు ఇబ్బంది పడతారు. ఢిల్లీ వైపు పోయే బండి కాజీపేటలో ఆగుతుంది గానీ వరంగల్ స్టేషన్‌కు రాదు, అక్కడ దిగి ఆటోలో హన్మకొండ పోవాలి. మీ ఇల్లు హన్మకొండలోనే అయితే కాజీపేటే మంచిది కూడా. భువనగిరికి ముందు వచ్చే బీబీనగర్ దగ్గర ఇంకో లైను దక్షిణానికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా గుంటూరు పోతుంది. దక్షిణాన కాచిగూడ, ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు. ఉత్తరాన బొలారం, మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్. పడమరన లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు, ఆపైన ముంబై వైపు.

తిరుపతి వెళ్లేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఒకే ఊరికి కనీసం మూడు దారులున్నాయి. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కాచిగూడలో బయల్దేరి మహబూబ్‌నగర్, కర్నూలు, కడప మీదుగా పోతుంది. నారాయణాద్రి లింగంపల్లిలో బయల్దేరి నల్గొండ, గుంటూరు మీదుగా. పద్మావతి వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా. దారిలో చుట్టాలను ఎక్కించుకోవాలన్నా, మధ్యలో దిగాలన్నా బండి పేరు చూసి కాదు, దారి చూసి బుక్ చేయాలి. మా అత్తయ్య మిర్యాలగూడలో ఎక్కుతానంటే నేను వెంకటాద్రిలో టికెట్లు చూస్తూ అరగంట పోగొట్టాను, ఆ బండి అసలు ఆ పక్కకే రాదు.

తర్వాత చూడాల్సింది మీరుండే చోటు. చాలామంది ఇక్కడ ఆలోచించరు. కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్, గచ్చిబౌలి వైపు ఉండేవాళ్లు ఊరెళ్లాలంటే బ్యాగులు మోసుకుని సికింద్రాబాద్ దాకా పోవడమే పద్ధతి అనుకుంటారు. గౌతమి, నారాయణాద్రి లాంటివి లింగంపల్లి నుంచే బయల్దేరతాయి. ఖాళీ బండి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉంటే తాపీగా సామాన్లు సర్దుకోవచ్చు, ముసలివాళ్లూ పిల్లలూ ఉంటే ఆ హాయి చెప్పలేను. ముంబై, పుణె, వికారాబాద్ వైపు పోయేవి చాలావరకు బేగంపేటలోనూ లింగంపల్లిలోనూ ఆగుతాయి, కాబట్టి టికెట్ చేసేటప్పుడే ఎక్కే స్టేషన్‌గా అవి పెట్టుకోవచ్చు. ఇటు ఈసీఐఎల్, నేరేడ్‌మెట్, ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు ఉండేవాళ్లకు చర్లపల్లి వరం. అదే చర్లపల్లి మెహిదీపట్నం వాళ్లకు గంటన్నర ప్రయాణం. ఒకే వేళకు రెండు బళ్లుంటే, అరగంట ఆలస్యంగా చేరేదైనా సరే, ఇంటికి దగ్గరి స్టేషన్‌లో దొరికేదే తీసుకోమని చెబుతాను.

ఇప్పటికే టికెట్ చేసేశారా? బోర్డింగ్ స్టేషన్ మార్చుకునే వీలుంది. ఆన్‌లైన్‌లో చేసిన టికెట్ అయితే ఐఆర్‌సీటీసీలో బుకింగ్ తెరిచి, ఆ బండి ఆగే స్టేషన్లలోంచి మీకు కావలసింది ఎంచుకోవచ్చు. చివరి పూట దాకా ఆగకండి, ఒకటి రెండు రోజుల ముందే చేసేయండి. ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి, మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. లింగంపల్లి నుంచి బేగంపేటకు మార్చి, మళ్లీ మనసు మార్చుకుని లింగంపల్లిలోనే ఎక్కితే టీటీఈ మిమ్మల్ని టికెట్ లేనివాళ్ల లెక్కలో వేస్తాడు.

స్టేషన్‌కు చేరే దారి

నాంపల్లికి ఎల్బీనగర్–మియాపూర్ మెట్రోలో నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచి పోవచ్చు, బ్యాగు చిన్నదైతే ఏ కష్టమూ లేదు. సికింద్రాబాద్‌కు రెండు మెట్రో స్టేషన్లున్నాయి. నాగోల్–రాయదుర్గం లైనులో వస్తే సికింద్రాబాద్ ఈస్ట్, జేబీఎస్–ఎంజీబీఎస్ లైనులో వస్తే సికింద్రాబాద్ వెస్ట్. రైల్వే స్టేషన్‌కు కూడా రెండు వైపుల దారులు. ఒకటో నంబర్ ప్లాట్‌ఫామ్ వైపు ఆల్ఫా హోటల్, రేతిఫైల్ బస్టాండ్ ఉన్న పాత ముఖద్వారం వైపు, పదో నంబర్ ప్లాట్‌ఫామ్ బోయిగూడ వైపు. ఆటోవాడికి ఉత్త సికింద్రాబాద్ స్టేషన్ అంటే ఒకటో నంబర్ వైపే తెచ్చి దింపుతాడు. మీ బండి ఎనిమిదో తొమ్మిదో పదో నంబర్ మీదికి వస్తే అంత దూరం బ్రిడ్జి ఎక్కి దిగాలి. ఇంట్లోంచి బయల్దేరే ముందే ఎన్‌టీఈఎస్‌లో, అంటే బండి ఎక్కడుందో చూపించే రైల్వే వాళ్ల యాప్‌లో, ప్లాట్‌ఫామ్ నంబర్ చూసుకుని, పెద్దదైతే బోయిగూడ వైపు పోనివ్వమని చెప్పండి. కొత్త భవనం పనులు జరుగుతున్నంత కాలం దారులూ ప్లాట్‌ఫామ్‌లూ మారుతూనే ఉంటాయి కాబట్టి, ఆ ఒక్క స్టేషన్‌కు మాత్రం మామూలుగా కంటే ఇరవై నిమిషాలు ముందు చేరండి.

కాచిగూడకు పక్కనే మెట్రో లేదు. నారాయణగూడలో దిగి ఆటో పట్టుకోవాలి, లేదా నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో వచ్చి నేరుగా దిగాలి. ఎంఎంటీఎస్ కాచిగూడ స్టేషన్‌లోనే ఆగుతుంది, రోడ్డు మీదికి రాకుండానే మీ బండి ప్లాట్‌ఫామ్‌కు పోవచ్చు. లింగంపల్లికి మెట్రో మియాపూర్ దాకానే, అక్కడి నుంచి బస్సో ఆటోనో. చర్లపల్లికి మెట్రో లేదు. సికింద్రాబాద్ నుంచీ ఈసీఐఎల్ వైపు నుంచీ సిటీ బస్సులున్నాయి. మెట్రో మీద రావాలనుకుంటే హబ్సిగూడలోనో తార్నాకలోనో దిగి అక్కడి నుంచి ఆటో. పెద్ద సామాను ఉన్న కుటుంబాలు నలుగురు కలిసి క్యాబ్ చేసుకోవడమే నయం. ఆడవాళ్లకు తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు, 2023 డిసెంబర్ 9 నుంచి. హాస్టల్ అమ్మాయిలు చాలామంది దీన్ని కాలేజీకి వాడతారు గానీ స్టేషన్‌కు వచ్చేటప్పుడు మర్చిపోయి రెండు మూడు వందలు క్యాబ్‌కు పెడతారు.

సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు నుంచి రోడ్డు మీద రావద్దు. ఫోన్‌లో మ్యాప్ ముప్పావుగంట చూపిస్తుంది, వాన చినుకు పడితే అదే రెండు గంటలు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఎంత వాన పడినా మీ లెక్క తప్పదు.

ఎంఎంటీఎస్ ఎలా వాడాలి

నాకు ఈ లోకల్ రైలంటే ప్రేమ. 2003 ఆగస్టులో మొదలైంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో లింగంపల్లి నుంచి ఖైరతాబాద్‌కు రోజూ అందులోనే తిరిగాను, నా జీతంలో ప్రయాణానికి పోయింది దాదాపు లేదు. ఇప్పటికీ కనీస టికెట్ 5 రూపాయలే. ఇంత చవకగా నగరంలో ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్లేది ఇంకొకటి లేదు. అయినా చాలామంది హైదరాబాద్ వాళ్లు దాన్ని ఒక్కసారి కూడా ఎక్కకపోవడం చూస్తే బాధేస్తుంది.

దాని దారులు ఇలా గుర్తుపెట్టుకోండి. లింగంపల్లి నుంచి చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్ మీదుగా బేగంపేట దాకా ఒకటే దారి. బేగంపేట దాటాక విడిపోతుంది. ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి. ఇంకొకటి సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కు, అక్కడి నుంచి సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట, ఫలక్‌నుమా, ఆపైన ఉందానగర్. రెండో దశలో మేడ్చల్, ఘట్‌కేసర్, రామచంద్రాపురం వైపులు కలిశాయి. లింగంపల్లిలో ఎక్కి కాచిగూడ పోవాలనుకుని నాంపల్లి బండి ఎక్కేస్తే ఖైరతాబాద్‌లో గానీ తెలియదు. ఎక్కేముందు మొదటి పెట్టె మీద రాసిన ఊరు పేరు చదవండి, లేదా తలుపు దగ్గర ఉన్నవాళ్లను అడగండి, చెబుతారు.

మెట్రోలాగా అయిదు నిమిషాలకొకటి వస్తుందనుకుని పోవద్దు. అసలు చిక్కు అదే. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే బండి ఇది. ఒకటి తప్పితే తర్వాతది నలభై నిమిషాలకో గంటకో ఉండవచ్చు, ఘట్‌కేసర్ వైపు అయితే రోజు మొత్తం మీద వచ్చేవే కొన్ని. లైను పనులుంటే, ముఖ్యంగా ఆదివారాలు, కొన్ని సర్వీసులు రద్దు చేస్తుంటారు. కాబట్టి దూరపు బండి పట్టుకోవడానికి ఎంఎంటీఎస్‌లో వస్తుంటే, మీకు సరిపోయే బండిని కాదు, దానికంటే ముందు బండిని పట్టుకోండి. స్టేషన్‌లో గంట కూర్చోవడం నష్టమేమీ కాదు.

టికెట్‌కు క్యూలో నిలబడక్కర్లేదు, రైల్‌వన్ యాప్‌లో అన్‌రిజర్వ్‌డ్ టికెట్ తీసుకోవచ్చు. ఇంట్లోనో స్టేషన్ బయటో ఉన్నప్పుడే తీసుకోండి. ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చాక మామూలు పద్ధతిలో కుదరదు, స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్‌లోనే చూపించాలి. తీసుకున్నాక టికెట్‌లో చెప్పిన గడువులోపు ప్రయాణం మొదలుపెట్టాలి. ఇంకొకటి, మీ దగ్గర సికింద్రాబాద్ నుంచి విశాఖకు రిజర్వేషన్ ఉన్నా, లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా ఎంఎంటీఎస్‌కు విడిగా టికెట్ ఉండాలి. అయిదో పదో రూపాయల దగ్గర చూసుకుని వందల్లో ఫైన్ కట్టినవాళ్లను చూశాను. రోజూ తిరిగేవాళ్లు నెల పాస్ తీసుకోండి. ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టెలున్నాయి.

టికెట్ దొరకడం గురించి కొంచెం

మామూలు రిజర్వేషన్ ప్రయాణం రోజు కాకుండా 60 రోజుల ముందు తెరుస్తారు, పొద్దున ఎనిమిదింటికి. జనవరి 12న సంక్రాంతికి బయల్దేరాలంటే నవంబర్ 13 పొద్దున ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. గోదావరి, గౌతమి లాంటివి ఆ పండగ రోజులకు నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్‌లోకి పోతాయి. తత్కాల్ ముందురోజు తెరుస్తారు, ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి. ఆ పని బుకింగ్ రోజు పొద్దున పెట్టుకుంటే ఓటీపీ కోసం ఎదురుచూస్తుండగానే బెర్తులు అయిపోతాయి, ఈ వారమే చేసేసుకోండి. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది, దాన్ని పట్టుకుని స్లీపర్ ఎక్కకూడదు. కౌంటర్‌లో తీసిన వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో కూడా ఇప్పుడు స్లీపర్ ఎక్కకూడదు.

పండగ స్పెషల్ బళ్లు ప్రకటించినప్పుడు మాత్రం మొదట చెప్పిన పని మళ్లీ చేయండి. అవి చర్లపల్లి నుంచో, లింగంపల్లి నుంచో, కాచిగూడ నుంచో ఉంటాయి, సికింద్రాబాద్ అని వెతికితే కొన్ని అసలు కనపడకపోవచ్చు. అన్ని స్టేషన్ల పేర్లతో విడివిడిగా వెతికి చూడండి, రెండు నిమిషాల పని. పోయిన సంక్రాంతికి మా పక్కింటాయన సీటే లేదని కూర్చుంటే, చర్లపల్లి పేరుతో వెతికి రాజమండ్రికి నాలుగు బెర్తులు తీసిచ్చాను.

బయల్దేరే రోజు పొద్దున బండి నంబర్‌తో ఎన్‌టీఈఎస్‌లో ఒకసారి, ఇంట్లోంచి కదిలే ముందు ఇంకోసారి చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లయితే 139కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. వాళ్లను మీరు పంపిస్తుంటే టికెట్ ఫొటోతో పాటు ఒక తెలుగు మెసేజ్ పెట్టండి. స్టేషన్ పేరు, ఏ వైపు నుంచి లోపలికి పోవాలో, కోచ్, బెర్త్, దిగాల్సిన స్టేషన్. దింపడానికి లోపలికి వెళ్లేవాళ్లు పది రూపాయల ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకోవడం మర్చిపోకండి.

తిరిగొచ్చేటప్పుడు చాలా బళ్లు తెల్లవారుజామున నాలుగూ అయిదింటికి దింపుతాయి. ఆరింటి దాకా మెట్రో ఉండదు, ఆ వేళకు ఆటోలు నోటికొచ్చింది అడుగుతాయి. లింగంపల్లి దాకా పోయే బండిలో ఉంటే సికింద్రాబాద్‌లో అందరూ దిగుతున్నారని మీరూ దిగకండి, మియాపూర్ వైపు ఇల్లయితే టికెట్టే లింగంపల్లి దాకా తీసుకుని నిద్రపోండి. కొన్ని బళ్లు, జన్మభూమి లాగా, సికింద్రాబాద్‌కే రాకుండా చర్లపల్లి, మౌలాలి మీదుగా పక్కనుంచి లింగంపల్లి పోతాయి, వాటిలో సికింద్రాబాద్ వస్తుందని ఎదురుచూస్తే దాటిపోతారు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు వెలుగొచ్చే దాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని, తొలి మెట్రోకో తొలి ఎంఎంటీఎస్‌కో కదలండి. ఇంట్లోవాళ్లకు మాత్రం దిగగానే ఏ స్టేషన్‌లో దిగారో ఒక మెసేజ్ పెట్టండి, తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు కూడా తప్పు స్టేషన్ ముందు బండి ఆపుకుని నిలబడుతుంటారు.